కొంగ పట్టిన నీడ

ఒట్టు, ఇందులో ఒక్క ముక్క అబద్ధమైతే నాకు మిగిలిన రెండు పళ్ళూ రాలిపోవాలి.

ఆ ఎండాకాలం చెరువు ఎంత కాగిందంటే, కప్పలు నీళ్ళు ఊదుకుని మరీ దూకేవి. చేపలన్నీ అడుక్కి దిగిపోవడంతో కొంగ ఆకలికి నకనకలాడింది. చివరికి రెక్కలు గొడుగులా విప్పి నీళ్ళమీద నీడ పట్టింది.

"రండమ్మా, చల్లగా ఉంటుంది."

"తినెయ్యవు కదా, మామా?" అంది జెల్లచేప పిల్ల, బురదలోంచి కదలకుండా.

"ఛ! నేనంతటివాణ్ణా?"

నమ్మి వచ్చిన చేపను వచ్చినట్టే మింగింది.

ఇంతలో కొంగ వీపు చల్లబడింది. ఆకాశంలో మబ్బుతునక లేదు. "ఎవరో పుణ్యాత్ములు" అనుకుని హాయిగా కళ్ళు మూసుకుంది.

జెల్లపిల్ల తలెత్తి చూసేసరికి కొంగ లేదు. నీడ మాత్రం అక్కడే, ఇంకాస్త పెద్దదై ఉంది.

సరే, చెరువుకెళ్ళి బిందెడు నీళ్ళు పట్టుకురా. చెట్టులేని నీడ కనిపిస్తే చుట్టూ తిరిగి రా.