పీపా ఎంపిక

ఇప్పుడందరూ మాల్ట్ విస్కీని పీపాల్లోనే కొని మాగబెట్టుకుంటున్నారు. కొట్లో గ్లాసు అంచుకు పెదవి తగిలితే చాలు, మనిషి ఆయుష్షు పసిగట్టి, బతికుండగా తాగగలిగే పీపాను అదే చెబుతుంది. ముందున్న ముసలాయనక్కూడా పన్నెండేళ్లకు మాగేది చెప్పింది.

శేషగిరి వంతు వచ్చింది. అతని గ్లాసులో నీళ్లెన్ని చుక్కలు పడాలో తేల్చేది ఎప్పుడూ భార్య వైదేహే. ఆమె ఓ గుక్క వేసి, రెండు చుక్కలు కలిపి అందించింది. గ్లాసు మీద అతనివైపు అక్షరాలు వెలిగాయి: 'పీపా వద్దు. సీసా తీసుకెళ్లి, త్వరగా తాగేయండి.'

శేషగిరి గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తను పోతే వైదేహి ఎలా బతుకుతుంది?

"అలా బిగుసుకుపోయారేంటండీ? ఇంకా నోట్లో పోసుకోనేలేదు, అప్పుడే ఎక్కిందా?" అని నవ్విందామె.

గ్లాసు అంచున ఆమె పెదవుల తడి ఒక్కటే మెరుస్తోంది.