నెత్తిమీది మూడు సాళ్ళు

“కదలొద్దు సార్, వరస తప్పుతాది.”

“తప్పనీ మ్మా! వరస తప్పాలనే కదా వేంపల్లె నుంచి కర్నూలుకొచ్చి ఈడ పండుకున్నా!” అన్నాడు జ్ఞానేశ్వర్.

అతని కళ్ళకు గుడ్డ కట్టి ఉంది. నుదుటి పైభాగమంతా మత్తు సూదులు పొడిచారు. తల దగ్గర స్టూలు మీద కూర్చున్న హిమబిందు, మాస్కు వెనక నుంచి చిన్నగా నవ్వింది.

జ్ఞానేశ్వర్‌కు వేంపల్లెలో బట్టల అంగడి ఉంది. వయసు ముప్ఫై రెండు. బట్టతల పెళ్ళికి అడ్డొస్తోందని రెండేళ్ళ కిందట దూరాన ఒక పెద్ద ఊళ్ళో జుట్టు నాటించుకున్నాడు. జుట్టు మొలిచింది. ఆ మొలవడమే కొంప ముంచింది. నుదుటికి అడ్డంగా మూడు వరసలు, గొర్రు పట్టి శనక్కాయ విత్తినంత తిన్నగా వచ్చాయి. చీరలకొచ్చిన ఆడవాళ్ళు చీర వదిలేసి అతని నుదురే చూసేవాళ్ళు. పెళ్ళిచూపులకు వెళితే పిల్ల తాత కళ్ళద్దాలు సవరించుకుని, “ఏం నాయనా, వాన పడినాక విత్తినావా, ముందే విత్తినావా?” అని అడిగాడు. ఇల్లంతా ఒకటే నవ్వు. ఆ సంబంధం ఆ నవ్వులోనే పోయింది.

అట్లా మూడు సంబంధాలు పోయాయి. టోపీ లేకుండా గడప దాటని ఆ రోజుల్లో కర్నూలు నుంచి ఎవరో అమ్మాయి ఫోను చేసి, “మా డాక్టరు మీ తల సరిచేస్తారు, రండి సార్” అంది. ఈ ఆసుపత్రుల వాళ్ళకు నా నంబరు ఎవడమ్ముతున్నాడో అని విసుక్కున్నాడు గానీ, ఆగలేక వచ్చేశాడు.

డాక్టర్ సుచరిత భూతద్దంతో తలంతా చూసి ఉన్నమాట చెప్పింది. “ఆ వరసల్ని ఒక్కొక్కటిగా పీకి, చెల్లాచెదురుగా మళ్ళీ నాటాలి. వెనకవైపు మీకు మిగిలింది నాలుగొందల కుదుళ్ళే. ఈసారి తప్పితే తీయడానికి ఇంకేమీ ఉండదు.”

ఇప్పుడు ఆవిడ పీకాల్సినవి పీకి, గాట్లు పెట్టి, పక్కగదిలో ఇంకొకరిని చూడ్డానికి వెళ్ళింది. నాటే పని హిమబిందుది. జ్ఞానేశ్వర్ ప్రాణం అరచేతిలోకి కాదు, ఆమె చేతిలోకి వచ్చింది.

“శానా మెల్లగా నాటుతాండావు. కొత్తదానివా మ్మా?”

“మూడేండ్లయింది సార్ ఈ పనిలో. ఇట్ల పీకినవి మళ్ళీ నాటేది మాత్రం ఇదే మొదలు.”

“సచ్చితి! మీదే ఊరు?”

“కమలాపురం పక్కన పల్లె సార్. సేద్యమే. నడక వచ్చినప్పటి నుంచి ఉల్లినారు నాటినా.”

“అయ్యో తల్లీ, నా నెత్తిన ఉల్లినారు నాటొద్దు!”

“నాటను సార్. వంకర టింకరగానే నాటాల. అది నేర్చుకునేదానికి నాకు శానా కాలం పట్టింది. సాలు రవ్వంత వంకర పోతే మా నాయన మొట్టికాయ ఏసేవాడు.”

జ్ఞానేశ్వర్ నిట్టూర్చాడు. “ఆ పెద్ద ఊరిలో నాకు నాటినామె ఉండాదే, పొద్దు గుంకేదాకా ఒక్క మాట మాట్లాడలే. డాక్టరు మొగం చూపించి పోయినాడు. అంతా ఆయమ్మే. దొరికితే నాలుగు మాటలు అనాల!”

“ఏమంటారు సార్?”

“ఇప్పుడు చెప్తే నీ చెయ్యి తప్పుతాది. నాటు, నాటు.”

ఆమె ఇంకో రెండు కుదుళ్ళు నాటింది. తర్వాత, “ఎడమ పక్క మీకు మత్తు బిరీన దిగిపోతాది కదా, ఇంకో సూది ఏపిస్తా” అంది.

“నిజమే! నీకెట్ల తెలుసు?”

“తెలుసు సార్” అంది. కాగితాల్లో రాసి ఉంటుందిలే అనుకున్నాడతను.

సాయంత్రం ఐదింటికి ఆమె చివరి కుదురు నాటి, “వరస యాడా లేదు సార్” అంది. ఆ గొంతు అతని కన్నా ఎక్కువ సంతోషపడింది.

నెల తిరక్కుండా నాటిన జుట్టంతా రాలిపోయి జ్ఞానేశ్వర్‌కు ముద్ద దిగలేదు. నాలుగో నెలలో మెల్లగా మొలిచింది. పది నెలలకు గాలికి ఎగిరింది. బేతంచెర్లలో బండల పాలిషింగ్ చేయించే వాళ్ళ సంబంధం వచ్చింది. ఆ పిల్లకూ ఒక తాత ఉన్నాడు. ఆయన వానల గురించి అడిగాడు గానీ, అది తన చేను కోసం.

శుభలేఖతో, ఒక పట్టుచీరతో కర్నూలు వచ్చాడు జ్ఞానేశ్వర్. హిమబిందును మాస్కు లేకుండా చూడడం అదే మొదటిసారి.

“నాకు తోడబుట్టినోళ్ళు లేరు మ్మా. ఆడబిడ్డ చీర ఇది, నీదే. పెండ్లిలో నా పక్కన నువ్వే నిలబడాల.”

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చీర అందుకోలేదు.

“ఏం, రంగు నచ్చలేదా?”

“సార్, ఆయమ్మను నాలుగు మాటలు అంటానన్నారు. ఇప్పుడు కూడా అంటారా?”

“అనకుండా ఇడుస్తానా? నా మూడు సంబంధాలు చెడగొట్టింది!”

“మీకు ఫోను చేసి పిలిపించింది నేనే సార్. మీ నంబరు రెండేండ్లు నా దగ్గర దాచుకున్నా.”

“దాచుకున్నావా? ఎందుకు మ్మా?”

హిమబిందు చీరను బల్ల మీదికి జరిపి, బడిలో తప్పు చేసిన పిల్లలా చేతులు కట్టుకుని నిలబడింది.

“ఆ మూడు సాళ్ళూ నేనే నాటినా సార్.”