మెడపట్టీ మీద పేరు

"ఒక్క గదిలోనే కుట్టుమిషనూ, పొయ్యీ, పిల్లా! ఇలాగైతే పిల్లని ప్రభుత్వ హోంకి తీసుకెళ్లాల్సిందే," అంది తనిఖీకి వచ్చిన అధికారిణి, ఫారంలో టిక్కు పెడుతూ.

దర్జీ పని చేసుకునే ఆ పిల్ల తల్లి మిషను ఆపలేదు. "ఇన్నేళ్లలో పిల్లకి సూది కూడా గుచ్చుకోలేదు మేడమ్. బడికెళ్లింది. సాయంత్రం రండి, పన్నెండో ఎక్కం దాకా గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతుంది."

"వెటకారాలొద్దమ్మా."

తాడు మీద ఆరేసిన గౌనుని అధికారిణి తిప్పి చూసింది. మెడపట్టీ లోపల ఎర్రదారంతో పిల్ల పేరు కుట్టి ఉంది. పక్క గౌనుకీ ఉంది, బనీనుకీ ఉంది.

"ఉన్నదే ఒక్క పిల్ల. ఎవరి బట్టలో తెలీదా? ఇదేం పిచ్చి?"

దర్జీ మిషను తొక్కుతూనే ఉంది. అధికారిణి ఫారంలో చివరి గడికి వచ్చింది. "ఇంతకీ నిన్ను పెంచిందెవరు? పెంపకం అంటే ఏంటో తెలిసినవాళ్లేనా?"

మిషను ఆగింది. దర్జీ పెట్టె అడుగు నుంచి వెలిసిపోయిన చిన్న గౌను తీసి ఫారం మీద పరిచింది. దాని మెడపట్టీ లోపల నల్లదారంతో 27 అని కుట్టి ఉంది.

"మీ హోమే పెంచింది మేడమ్, పన్నెండేళ్లు. బయటికొచ్చాక ఎవరైనా పేరుపెట్టి పిలిస్తే ఏడాది దాకా వెనక్కి తిరిగి చూసేదాన్ని కాదు. ఆ గడి ఖాళీగా వదలకండి, మీ హోం పేరే రాయండి. నా పెంపకంలో తప్పుంటే అది ఎక్కడ నేర్చుకున్నానో తెలియాలిగా. పిల్లని మాత్రం పంపను. కావాలంటే సాయంత్రం దాకా కూర్చోండి. గుమ్మంలోకి రాగానే పేరుపెట్టి పిలవండి. ఎలా పలుకుతుందో మీరే విందురుగాని."