జిన్ను ఆడేటప్పుడే

"ఇంకో నలభై చెక్క చిలకలు కావాలప్పా పాండురంగా," అన్నాడు లక్ష్మీనారాయణ, అటక మూతలోంచి తల మాత్రం పైకి పెట్టి. "ఉరుకుంద తిరునాళ్ళకు సరుకు తక్కువ పడ్తాంది."

పాండురంగ రంపం ఆపి, ముఖం మీద పడిన పొట్టు తుడుచుకున్నాడు. ఆదోనిలో పత్తి గోదాం మీది ఈ అటకే అతనికి ఇల్లూ, బడీ, జైలూ. లేచి నిలబడితే తల దూలానికి తగులుతుంది. కిటికీ లేదు. పెంకుల సందులోంచి పడే వెలుగు ఎటు జరిగితే అటు పీట జరుపుకుంటూ పని చేసుకుంటాడు.

ఎమ్మిగనూరులో డ్రాయింగు మాస్టరుగా ఉన్నప్పుడు ఇది అతనికి సరదా. దారమంత సన్నటి బ్లేడు బిగించిన ఫ్రెట్ రంపంతో, సెలవు రోజుల్లో ప్లైవుడ్ మీద నెమళ్ళూ లతలూ కోసేవాడు. అంతలో ఎమర్జెన్సీ వచ్చింది. ఊరుకున్నాడా? దాన్ని తిడుతూ వేసిన గోడపత్రికలకు అక్షరాలు రాసిపెట్టాడు. తోటివాళ్ళిద్దరిని పోలీసులు పట్టుకుపోయారని తెలియగానే, ఐదు నెలల కూతుర్ని భార్య కృష్ణాబాయి ఒడిలో పెట్టి తొలి బస్సెక్కాడు. చిన్ననాటి స్నేహితుడు లక్ష్మీనారాయణ మారు మాట్లాడకుండా తన ఇంటినానుకున్న గోదాం మీది ఈ అటక చూపించాడు. ఆ సాయం తలచుకుంటే పాండురంగకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

"జిన్ను ఆడేటప్పుడే కొయ్యప్పా. చప్పుడు బయటికి పోయిందంటే ఇద్దరమూ లోపలికే," అని మొదట్లో గట్టిగా చెప్పాడు లక్ష్మీనారాయణ. పక్కనున్న మిల్లులో పత్తి గింజలు తీసే జిన్ను రొద పెట్టినంతసేపే రంపం కదిలేది. ఎండాకాలం దాటి మిల్లు ఆగిందంటే, మళ్ళీ కొత్త పత్తి వచ్చేదాకా కాగితం మీద నమూనాలు గీసుకోవడమే. పోను పోను స్నేహితుడికి ధైర్యం పెరిగింది. "జిన్నుతో పనేముంది, నీ ఇష్టమొచ్చినప్పుడు కోసుకో" అనేశాడు. తన కోసం ఇంత తెగించేవాడు ఇంకెవరున్నారని పాండురంగ పొంగిపోయాడు.

"చిలకలదేముంది, కోస్తాలే. ఊర్లో సంగతులేంటివి?"

"ఏముంటాయి? అవే."

"ఒక పేపరన్నా తెచ్చియ్యి నారాయణా."

"సర్కారోళ్ళు దిద్ది వదిలిన అబద్ధాలు సదివి ఏం సేస్తావప్పా?"

"పోనీ, రేడియో?"

"ఇంకా రిపేరు కాలేదు."

ఒకరోజు పొద్దున్నే ఊరంతా టపాసులు పేలినప్పుడూ ఇట్లాగే అడిగాడు. ఎవరో సేటు కొడుకు పెళ్ళి అని చెప్పి దిగిపోయాడు లక్ష్మీనారాయణ.

పాండురంగ గొంతు తగ్గించాడు. "ఒక్కపూట ఎమ్మిగనూరు పోయొస్తా. వచ్చే వారం పాపకు మూడో పుట్టినరోజు. నన్ను చూస్తే నాయన అని కూడా అనుకోదేమో."

"మతి పోయిందా? పోలీసోళ్ళు వారం వారం మీ ఇంటికాడికి వస్తాండారు. జాబు ముక్క దొరికినా మీ ఆమెను కూడా లాక్కుపోతారు. నేను పోయి చూసి వస్తాండా కదా!"

"నేను పంపిన చిలకతో ఆడుకుంటాందా?"

"సంకన పెట్టుకొని వదల్దే! ఆ నమూనా బాగుందప్పా. అట్లాంటివే కొయ్యి," అని లక్ష్మీనారాయణ దిగి, నిచ్చెన తీసేశాడు. నిచ్చెన తీసేయడం పాండురంగ క్షేమం కోసమే.

నలభై చిలకలూ నాలుగు రోజుల్లో తెమిలాయి. నలభై ఒకటోది పాపకు. దాని నమూనా కొత్తగా గీసి, మైదా బంకతో చెక్క మీద అంటించాడు. కన్ను కోయాలంటే ముందు చిన్న బెజ్జం వేసి, బ్లేడు ఒక కొస విప్పి అందులోంచి దూర్చి, మళ్ళీ బిగించి లోపలే తిప్పాలి. పనయ్యాక బ్లేడు వచ్చిన దారినే బయటికి వచ్చేస్తుంది. దానికున్న వీలు తనకు లేదని పాండురంగకు ఏడుపొచ్చింది. రెక్క వేరుగా కోసి, ఊగేటట్టు సూదితో బిగించాడు. గరుకు కాగితంతో మూలమూలా రుద్ది, స్పిరిటులో కరిగించిన లక్కను గుడ్డతో మూడు పూతలు పూశాడు.

ఐదోనాడు పొద్దున్నే లక్ష్మీనారాయణ చిలకల గోతాలు ఉరుకుంద బస్సుకెత్తించి వెళ్ళిపోయాడు. పాప చిలక ఇక్కడే ఉండిపోయింది.

మధ్యాహ్నం లక్ష్మీనారాయణ భార్య జయమ్మ అన్నం తెచ్చింది. ఇన్నాళ్ళలో ఆమె పాండురంగతో ఒక్క మాటా మాట్లాడలేదు, కళ్ళెత్తి చూడలేదు. పళ్ళెం పెట్టి దిగిపోవడమే. పోలీసులు వెతికే మనిషిని ఇంట్లో పెట్టుకుంటే ఏ ఇల్లాలికి భయం ఉండదని పాండురంగ సరిపెట్టుకునేవాడు.

"అమ్మా, ఆయన రాగానే ఇది ఇయ్యండి," అని చిలకను చేతిలో పెట్టాడు. "ఎమ్మిగనూరులో మా పాపకు పంపాల. పోయినసారి ఆయనకిచ్చిన దానికి మెడలో చిన్న గంట కట్టినాను. దీనికి రెక్క ఆడుతుంది, చూడండి."

"గంట చిలకా..." అంది జయమ్మ. ఆ గంట చిలక ఎవరి చేతికి పోయిందో ఆమెకు తెలిసినట్టే ఉంది. కన్నీటి బొట్టొకటి రెక్క మీద పడింది.

"తడవనీయొద్దమ్మా, లక్క మీద తెల్ల మచ్చ పడుతుంది," అని పాండురంగ గబగబా పంచె కొంగుతో అద్దాడు. ఆమె ఏడుపు చూసి అతనికి సిగ్గేసింది. "నా వల్ల మీకు ఎంత భయమో నాకు తెలుసు. ఇంక కొన్నాళ్ళు ఓర్చుకోండి. ఎమర్జెన్సీ ఎత్తేసిన రోజే మీ ఇల్లు వదిలి పోతా."

జయమ్మ మొదటిసారి తలెత్తి అతని ముఖంలోకి చూసింది.

"ఎత్తేసి పదిహేడు నెలలయిందన్నా."