పొడుగు చేతుల జాకెట్టు

“మ్యాజిక్‌లో చేతులు కప్పుకుంటే ఏదో దాచారనుకుంటారు జనం. అమ్మాయికి ఇంత పొడుగు చేతుల జాకెట్టా? ఈసారికి మీ ఐటమ్ వద్దులే బాబూ,” అంది శ్యామసుందరి. ట్రుగనీనా ఊళ్ళోని తెలుగువాళ్ళ ఉగాది వెరైటీ షోకి ఐటమ్స్ ఎంపిక చేసేది ఆవిడే.

సాకేత్ తన భార్య హిమజ వైపు ఒకసారి చూసి, మ్యాజిక్ పెట్టె కార్లో పెట్టడానికి వెళ్ళాడు.

హిమజ స్టేజి దిగి ఆవిడ దగ్గరికొచ్చింది.

“పొట్టి చేతులవే వేసుకుంటాను ఆంటీ. మా ఐటమ్ తీసెయ్యకండి.”

“షోకి నెలే ఉంది. మీ ప్రాక్టీసు చాలదమ్మా. దీనికింత బతిమాలడం ఎందుకు?”

“ఆ నెలంతా కొట్టడు ఆంటీ. స్టేజి మీద అందరికీ నా చేతులు కనపడాలిగా.”

శ్యామసుందరి చూపు ఆ జాకెట్టు మీదే ఆగిపోయింది. ఇందాక ఐటమ్ వద్దన్నది దానివల్లే.

బయట కారు హారన్ మోగింది.

“మరి షో అయిపోయాక?” అని అడిగింది గొంతు తగ్గించి.

హిమజ జాకెట్టు చేతులు మణికట్ల మీదికి లాక్కుంది.

“దీపావళి షోకి కూడా మీరే సెలెక్ట్ చేస్తారు కదా ఆంటీ?”