పన్నెండుగురి మరపు

ఇడోనియాకి పదిహేనేళ్ళు. ఊరందరికీ తెలుసు. అయినా చర్చిలో పన్నెండుమంది మగవాళ్ళు ప్రమాణం చేసి చెబితే గానీ అది నిజం కాదు.

తండ్రి ఫల్క్ పోయి నెల దాటింది. కొడుకుల్లేరు. భూమి రాజుగారు ఇచ్చినది. తండ్రి పోయేనాటికి పిల్లకి పద్నాలుగు నిండి ఉంటే భూమి ఆమెది, బతుకు ఆమెది. నిండకపోతే భూమితోపాటు పిల్ల కూడా రాజుగారి సొత్తే. ఆయన ఎవరికి కావాలంటే వాళ్ళకి ఇచ్చేస్తాడు. గొర్రెని ఇచ్చినట్టే. గొర్రెకి పెళ్ళి చెయ్యరు, అంతే తేడా.

కావాలన్నవాడు అప్పుడే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. జెర్వేస్ దొర. యాభై దాటాయి. నిరుడు ఇలాగే ఒక పిల్లని తెచ్చుకున్నాడు. ఏడు నెలలకి పోయింది. జ్వరం అన్నారు. ఎవరూ అడగలేదు.

బల్ల వెనక రాజుగారి అధికారి కూర్చున్నాడు. జిల్లాకి కొత్త. కుర్చీ పాతవాడిది, గుమాస్తా పాతవాడి దగ్గర పనిచేసినవాడే, ప్రమాణాలు రాసిన తోలు చుట్టలున్న పెట్టె కూడా పాతదే. గుమాస్తా తల వంచుకుని కలం చెక్కుకుంటున్నాడు. ఇడోనియా తల్లి అయిన హవీసా వైపు అతను ఒక్కసారి కూడా చూడలేదు.

"పుట్టిన రోజు ఎక్కడా రాసి లేదు. మీ జ్ఞాపకమే సాక్ష్యం," అన్నాడు అధికారి. "పుట్టిన రోజే బాప్తిస్మం అయిందట. ఆ రోజు మీకేం జరిగిందో, అది ఏ యేడో చెప్పండి. ఇదివరకు చేసిన ప్రమాణానికి అడ్డంగా మాట్లాడితే మాత్రం చెరసాలే. అన్నీ ఈ పెట్టెలో ఉన్నాయి."

పన్నెండుగురూ పెట్టె వైపు చూశారు.

హవీసాకి భయం లేదు. ఇలాంటి విచారణలు ఎలా నడుస్తాయో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకడు కాలు విరిగిందంటాడు, ఒకడు ఆవు ఈనిందంటాడు, అరగంటలో ఇంటికి పోవచ్చు. పొయ్యి మీద బాతు మాంసం పెట్టి మరీ వచ్చింది.

మొదట వారిన్ లేచాడు.

"నాకు గుర్తు లేదు."

"ఏమోయ్ వారిన్! ఆ రోజు మా ఇంట్లో తాగి గుంటలో పడ్డావు. కాలు విరిగింది. ఇప్పటికీ కుంటుతున్నావు కదా!"

"కుంటుతున్నానమ్మా. కాలికి గుర్తుందేమో. నాకు లేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. హవీసా నవ్వలేదు.

"హేమో, నువ్వు చెప్పు. ఆ రోజే నీకు కవలలు పుట్టారు."

"పదిమంది పిల్లలు దొరసానీ. ఏ వెధవ ఎప్పుడు ఊడిపడ్డాడో నాకేం తెలుసు? మా ఆవిడకి తెలియాలి."

"అయితే మీ ఆవిడని పిలవండి!"

"ఆడవాళ్ళ సాక్ష్యం చెల్లదు," అన్నాడు అధికారి.

"కన్నదాన్ని నేను! నాకు తెలీదా?"

"నీదీ చెల్లదు."

ఇడోనియా ముందుకొచ్చింది. "నేను చెబుతానండీ. నా వయసు నాకు తెలుసుగా."

"నీ బాప్తిస్మం నాటి సంగతి నీకేం గుర్తుంటుంది పిల్లా? పక్కకి జరుగు."

మూడోవాడికి గుర్తు లేదు. నాలుగోవాడికి లేదు. వారిన్‌ని 'ఏమోయ్' అని గద్దించిన గొంతు ఆరోవాడి దగ్గరికొచ్చేసరికి 'నాయనా' అంది. తొమ్మిదోవాడి ముందు హవీసా మోకాళ్ళ మీద ఉంది. వాడు గోడ చూసి, "గుర్తు లేదు" అన్నాడు.

ఆఖరివాడు సెర్లో. ఊళ్ళోకల్లా పెద్దవాడు. ఏ వరద ఏ యేడు వచ్చిందో, ఏ ముసలమ్మ ఏ వారం పోయిందో తడుముకోకుండా చెబుతాడు. లేచి చాలాసేపు ఇడోనియా మొహమే చూశాడు. పెదవులు కదిలాయి. తర్వాత పెట్టె చూశాడు.

"గుర్తు లేదు."

"వయసు రుజువు కాలేదు. రాసుకో," అన్నాడు అధికారి.

గుమాస్తా రాశాడు. జెర్వేస్ దొర చేతి తొడుగులు వేసుకున్నాడు. ఇడోనియా తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. దొర మనిషి వచ్చి ఆ వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. తొందరపడలేదు. ఆ పని అలవాటైనవాడిలా ఉన్నాడు.

గుర్రాలు మలుపు తిరిగాక హవీసా పరుగెత్తుకొచ్చి ముసలి సెర్లో కాలరు పట్టుకుంది.

"నీది గుండెనా, బండరాయా? బాప్తిస్మం తొట్టి పక్కనే నిలబడ్డావు నువ్వు. నా అక్క, చెల్లెలు, అందరూ చూశారు!"

"నిలబడ్డానమ్మా. మా అవీస్‌ని ఎత్తుకుని నిలబడ్డాను. ముందు నీ బిడ్డకి, వెంటనే అవే నీళ్ళతో నా మనవరాలికి. ఇద్దరూ ఒక్క రోజే పుట్టారు."

"ఏ అవీస్?"

"దొరగారింట్లో జ్వరమొచ్చి పోయిందే, ఆ అవీస్. నిరుడు దాని తండ్రి పోయేనాటికి దానికి పద్నాలుగు నిండాయి. అదే వారిన్ కాలు, అవే హేమో కవలలు చెప్పి, పన్నెండేనని ఇదే చర్చిలో మేం పన్నెండుగురం ప్రమాణం చేశాం. ఆ చుట్ట ఆ పెట్టెలో ఉంది. ఇవాళ నీ బిడ్డకి పదిహేనంటే, రేపు మేమందరం చెరసాలలో ఉంటాం."

"సొంత మనవరాలి మీద దొంగ ప్రమాణమా! ఎవడు చేయించాడు మీ చేత?"

సెర్లో తన కాలరు మీద ఆమె చేతిని మెల్లగా విడిపించుకున్నాడు.

"అప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నది మీ ఆయనే కదమ్మా."