మేలుకు కొలత

పదకొండు దాటింది. జాలరిపేట వలల షెడ్డులో పరిచిన చాపల మీద ఈపాటికి నలభై రెండు మంది ఆడవాళ్ళు కూర్చుని ఉండాలి. ఒక్కతీ రాలేదు. ఓడల కంపెనీ వెల్ఫేర్ ఆఫీసరు గురునాథరావుకి కాళ్ళ కింద ఇసుక జారిపోతున్నట్టుంది.

మద్రాసు నుంచి వచ్చిన డైరెక్టరు గంగాధరరావు కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. ఆయన ఒళ్ళో అట్ట వేసిన నోటుబుక్కు ఒకటి ఉంది. దాని మీద ఎర్రసిరాతో 'మేలు పుస్తకం' అని ముద్దుగా రాసి ఉంది. గళ్ళు గీసిందీ, అట్ట వేసిందీ గురునాథరావే.

పేటలో ఆడవాళ్ళకి సాయంత్రం బడి పెట్టాం, ఇన్ని పలకలిచ్చాం, ఇన్ని లాంతర్లు వెలిగించాం అని రాసుకుంటే కంపెనీ ఏం చేసిందో తెలుస్తుంది. జనానికి ఏం ఒరిగిందో తెలియొద్దూ? ఆ ఒరిగినదాన్ని కొలవాలని ఆర్నెల్లుగా గురునాథరావు పోరు. చివరికి ఇవాళ్టికి ముహూర్తం కుదిరింది. ఒక్కొక్కరూ లేచి రేషను కార్డు మీద పేరూ, బస్సు బోర్డూ, మందుసీసా మీది చీటీ చదవాలి. ఎందరు చదివితే అంత మేలు జరిగినట్టు. అసలు కంపెనీ వన్ టౌన్ ఆఫీసులో పెట్టాలనుకున్నారు. నిన్న సాయంత్రం రైలు దిగుతూనే గంగాధరరావు, అక్కడొద్దు, పేటలోనే చూస్తానన్నాడు. అప్పటికప్పుడు డప్పు వేయించారు. ఆ సంబరంలో గురునాథరావుకి పొద్దున్న కాఫీ కూడా సయించలేదు.

"మేలు లేదని తేలితే నెలాఖరుకి బడి మూసేద్దాం," అన్నాడు గంగాధరరావు. ఆయన చెడ్డవాడేం కాదు. ఏదైనా అంకెల్లో తేలితే తప్ప ఆయనకి తోచదు, అంతే.

అలాగని షెడ్డు బోసిగా ఏం లేదు. మగవాళ్ళు పాతిక మంది దాకా వచ్చి బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. గంగాధరరావు వాళ్ళలో పెద్దవాడైన ఎల్లాజీని లేపి, నల్లబల్ల మీది మాట చదవమన్నాడు. ఎల్లాజీ తల గోక్కున్నాడు.

"మాకు సదువెక్కడిది బాబూ? సందేల డప్పేసి షెడ్డుకాడికి రమ్మన్నారు గదా, సూద్దారని ఒచ్చినాం."

"మరి మీ ఆడవాళ్ళేరీ?"

"పొద్దున్నే గంపలెత్తుకుని ఎల్లిపోనారు. రోజూ ఎల్లినట్టే."

గురునాథరావు పంట్లాం పైకి మడిచి పేటలోకి పరిగెత్తాడు. ఏ ఇల్లు చూసినా తలుపు దగ్గరగా వేసి ఉంది. అరుగు మీద ఒక ముసలమ్మ ఉప్పుచేపలు తిరగేస్తోంది. తన కోడళ్ళిద్దరూ ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకుని మరీ వెళ్ళారని చెప్పింది. పరీక్ష ఎగ్గొట్టి సినిమాకి పోయారేమోనని గురునాథరావుకి అనుమానం వచ్చింది, ఏడుపూ వచ్చింది. సముద్రం హోరులోనూ వినబడేట్టు వాయించాడే డప్పు, అది విని కూడా ఇంత పని చేస్తారా?

తిరిగి వచ్చేసరికి షెడ్డు గుమ్మంలో పంతులమ్మ పద్మావతి నిలబడి ఉంది. పాపం, ఆమెకీ చెమటలు పడుతున్నాయి.

"నాను నిన్ననే చెప్పాను గదండీ, కొత్త కాయితం రాసి గోడకి అంటించేస్తానని. మీరే వద్దన్నారు."

"పేటలో కాగితం ఎవరు చూస్తారమ్మా? నువ్వు సోమవారం అంటించిందే మేక తినేసినట్టుంది," అని విసుక్కున్నాడు గురునాథరావు. గోడ మీద మైదా జిగురు మరక తప్ప ఏమీ లేదు.

లోపల గంగాధరరావు పెన్ను మూత తీశాడు. మేలు పుస్తకంలో మొదటి పేజీ తెరిచాడు. ఇంకో పది నిమిషాలు ఆగమని గురునాథరావు బతిమాలాడు. ఏడాదిపాటు వేలిముద్రల నుంచి సంతకాల దాకా వచ్చిన మనుషులు సార్, అన్నాడు.

"సున్నా కూడా లెక్కే గురునాథరావూ," అని డైరెక్టరు ఆ గడిలో సున్నా చుట్టాడు. పక్కన సంతకం పెట్టబోయాడు.

బయట సైకిలు గంట గణగణలాడింది. వన్ టౌన్ ఆఫీసు వాచ్‌మన్ అయూబ్ సైకిలు ఇసుకలో పడేసి రొప్పుతూ లోపలికి వచ్చాడు.

"మీరిక్కడ కూచునున్నారేటి సార్! అక్కడ ఆఫీసంతా చేపల వాసన. తొమ్మిదింటి నుంచీ వరండా నిండా గంపలే. లెక్కపెట్టాను, నలభై రెండు. ఆడోళ్ళు పలకలట్టుకుని కూచున్నారు, కదలమంటే కదల్రు."

గంగాధరరావు పెన్ను ఆగిపోయింది. పరీక్ష పేటలోనే అని వాళ్ళకి చెప్పలేదా అని అడిగాడు.

"పదిసార్లు చెప్పాను సార్. పాపాయమ్మని ఒకావిడుంది, ఇది నా చేతిలో పెట్టి పెద్దసారుకి చూపించి రమ్మంది."

అయూబ్ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. వెనకవైపు మైదా జిగురు ఎండి అట్టకట్టి ఉంది. లోపల పద్మావతి గుండ్రటి దస్తూరీ. గురునాథరావు దాన్ని అందుకున్నాడు.

"డప్పు వినలేదా వాళ్ళు?" అన్నాడు గంగాధరరావు.

"విన్నారంట సార్. 'డప్పేసినోడు తాగేసి తప్పు సెప్పుంటాడు, కాయితం మీద వన్ టౌను ఆపీసనుంది, నలబై రెండు మందిమీ ఎవలికి ఆళ్ళం సదువుకునే ఒచ్చినాం' అంటన్నారు."